కుక్క చెప్పలేదు

పోర్ట్ ఆర్చర్డ్
ఫిబ్రవరి 9

పినోకు ఆర్విడ్ రాసేది,

నా నుంచి ఉత్తరం అనగానే ఎవరో పోయారనుకుంటావు. పోవాల్సినవాళ్లు ఎప్పుడో పోయారు. నేనున్నాను. మోకాళ్లు మాత్రం లేనట్టే. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి ఈ కష్టం పడుతున్నాను.

నేవీ ఓడల యార్డు వాళ్లు నన్ను మళ్లీ రమ్మంటున్నారు. సబ్‌మెరైన్ లోపల చెయ్యి దూరినా తల దూరని చోట, పైపు వెనక వెల్డింగ్ అతుకు అద్దంలో చూసుకుంటూ వెయ్యాలి కదా, అది ఇప్పటి పిల్లలకు చేతకావడం లేదట. నేర్పడానికి పాతవాళ్లను వెతుకుతున్నారు. వెతికితే ఎవరు మిగిలారు? నేను, సమాధుల్లో ఉన్నవాళ్లు.

పని మానేసి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లు నేను చేసిందేమిటో చెప్పనా? పొద్దున్నే కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని అవతలి ఒడ్డున క్రేన్లు లెక్కపెట్టడం. ఫెర్రీ ఎక్కేవాళ్ల మెడల్లో యార్డు బ్యాడ్జీలు చూడడం. నాకు ఆ బ్యాడ్జీ మళ్లీ కావాలి రా. ఇంకేమీ అక్కర్లేదు. మా ఆవిడ ఇంగా పోయాక నేను ఏ పనికీ లేనివాణ్ణయ్యాను. నన్ను చూసుకుంటే నాకే రోత పుడుతోంది.

బ్యాడ్జీ కావాలంటే క్లియరెన్స్ కావాలి, వీణ్ణి నమ్మొచ్చని ప్రభుత్వం ముద్ర వెయ్యాలి. పాతది ఎప్పుడో చచ్చింది, మళ్లీ మొదటి నుంచి అడుగుతున్నారు. ఫారం నూట ముప్ఫై పేజీలు. ఎక్కడ పడుకున్నావు, ఎవరితో తిరిగావు, ఏ దేశంలో కాలు పెట్టావు, అన్నీ. అదీ కాగితం మీద కాదు, కంప్యూటర్లో. లైబ్రరీలో ఒకావిడ నాకోసం కూర్చుని టైపు చేసింది. మంచావిడే, గొంతు మాత్రం ఓడ సైరన్.

"గత ఏడేళ్లలో గంజాయి గానీ ఇంకే మత్తుమందు గానీ వాడారా?" అని చదివింది. చదివిందనకు, చాటింపు వేసింది. పేపర్ల దగ్గర మా చర్చి ఆడవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ తలెత్తారు.

"నన్ను చూస్తే మీకు అలా కనిపిస్తున్నానా?" అన్నాను.

"అవునో కాదో చెప్పండి సార్, చాలు."

"లేదు" అన్నాను. ఆవిడ నొక్కింది. అయిపోయింది.

అయిపోలేదు. ఇంగా పోయాక నువ్వొచ్చి మా ఇంట్లో పది రోజులున్నావు కదా. వంటింటి కిటికీలో ఒక సీసా ఉండేది. నువ్వు చూశావు. చూసి ఏమీ అనలేదు. అది మా అమ్మాయి తెచ్చింది, మోకాళ్ల నొప్పికి. ఆ తర్వాత నేనే వెళ్లి కొనుక్కున్నాను, పద్నాలుగు నెలలు. ఆకుపచ్చ బోర్డు పెట్టిన కొట్టు, లోపల ఐస్‌క్రీం అంగడిలా దీపాలు, ముక్కుకు రింగు పెట్టుకున్న కుర్రవాడు "తాతా, ఇది మెల్లగా ఎక్కుతుంది, నీకు బాగుంటుంది" అంటాడు. ఎలుగుబంటి పిల్ల ఆకారంలో గంజాయి కలిపిన జిగురు మిఠాయి! ముప్ఫై నాలుగేళ్లు నిప్పుతో పనిచేసినవాణ్ణి, దాని తల కొరికి, మిగిలింది రేపటికి దాచుకునేవాణ్ణి. థూ. నిద్ర మాత్రం పట్టేది.

ఈ రాష్ట్రంలో అది నేరం కాదు, రసీదు కూడా ఇస్తారు. దర్జాగా కొట్టులోంచి బయటికొస్తే పోలీసు కూడా పలకరిస్తాడు. యార్డు గేటు దాటితే మాత్రం కేంద్ర ప్రభుత్వం చట్టం, అక్కడ అది నేరం. ఒకే మిఠాయి. మధ్యలో ఒక ఇనప గేటు. ఏం దేశం రా ఇది.

నన్ను ఎరిగినవాళ్ల పేర్లు మూడు ఇమ్మన్నారు. మూడోది నీది ఇచ్చాను. నీ దగ్గరికి విచారణ ఆఫీసరు వస్తారు. నేను పనిమంతుణ్ణని చెప్పు. కిటికీలో సీసా సంగతి నీకు తెలియదు. ఈ ఉత్తరం కాల్చెయ్.

ఆర్విడ్

•

రాంగెల్, అలాస్కా
ఫిబ్రవరి 27

ఆర్విడ్,

కాల్చలేదు. ఇక్కడ పొయ్యిలోకి తడి కట్టెలే ఉన్నాయి, నీ ఉత్తరం ఒక్కటే పొడిగా ఉంది, అయినా కాల్చలేదు. నీ చేత్తో రెండు పేజీలు రాశావంటే దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టాలి.

నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి, వేళ్లు పోయాయి. ఇరవై ఏడేళ్లు పడవల మీద, ఆ తర్వాత చేపల షెడ్డులో. చల్లటి నీళ్లలో నానీ నానీ ఇప్పుడు కుడి చేతి రెండు వేళ్లు వంగవు. మా నాన్న ఇదే షెడ్డులో వేసవికాలాలు సాల్మన్ తలలు కోశాడు. "రుఫినో, నువ్వు ఈ వాసనలోకి రాకూడదురా, యార్డులో చేరు" అని నన్ను తిట్టి తిట్టి వెల్డింగ్ బడిలో వేశాడు. నేను మళ్లీ అదే వాసనలోకి వచ్చే నాటికి ఆయన బతికే ఉన్నాడు. అదొక్కటే నాకు బాధ.

సరే. నీ గురించి నన్ను అడగడానికి ప్రభుత్వం మనిషిని పంపుతోంది. రానీ. దానికంటే ముందు నేను నిన్నొకటి అడుగుతాను. ముప్ఫై ఆరేళ్లుగా అడగలేదు. మీ ఇంట్లో పది రోజులు నీ ఎదురుగా కూర్చుని తిన్నప్పుడూ అడగలేదు, ఇంగా పోయిన ఇల్లు కదా అని.

1988లో నా క్లియరెన్స్ తిరగరాసే ఏడాది, నా గురించి నిన్ను అడగడానికి ఒకడు వచ్చాడు. నువ్వేం చెప్పావు?

రుఫినో

•

పోర్ట్ ఆర్చర్డ్
మార్చి 15

పినోకు,

నేనొకటి అడిగితే నువ్వొకటి తవ్వుతున్నావు. అది పాత సంగతి. యార్డుకు వెయ్యి కళ్లు ఉండేవి, ఏ కన్ను చూసిందో ఎవరికి తెలుసు. అప్పుడు నీ బ్యాడ్జీ లాక్కున్నది అన్యాయమే, నేనూ అన్నాను అప్పట్లో. అయినా నువ్వు తాగింది గంజాయి చుట్ట, చట్టం ఒప్పుకోని రోజుల్లో, సరదాకి. నేను తిన్నది మందు. రెండూ ఒకటేనా?

మొన్న గేటు బయటి శిక్షణ షెడ్డులో నా చెయ్యి పరీక్షించారు. లోపలికి ఇంకా రానివ్వరు కదా. ఇరవై మంది పిల్లలు, అందరికీ కొత్త హెల్మెట్లు, లోపలే బొమ్మలు కనిపిస్తాయట. ఒకమ్మాయి వేసిన అతుకు చూశాను. కోడి గోకినట్టుంది. వాళ్ల మేస్త్రీ "బాగుంది, బాగుంది" అంటున్నాడు. బాగుందా? నాలుగు వందల అడుగుల లోతులో ఆ పైపు పగిలితే లోపలున్న నూట ముప్ఫై మందికి వెళ్లి చెప్పు, బాగుందని.

"జరగండి" అని కూర్చున్నాను. మోకాళ్లు వంగలేదు, పక్కకు పడుకుని వేశాను. ఎడమ చేత్తో అద్దం, కుడి చేత్తో నిప్పు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది, ఎడమంటే కుడి. తల చెప్పినట్టు కాదు, చెయ్యి చెప్పినట్టు పోవాలి. లేచేసరికి ఇరవై మందీ చుట్టూ చేరారు. ఆ అమ్మాయి వచ్చి, "తాతయ్యా, ఇంకోసారి చూపిస్తారా?" అంది. ఇంగా పోయాక నన్నెవరూ ఏదీ ఇంకోసారి అడగలేదు రా.

నేను లోపలికి వెళ్లాలి. నువ్వు పాత లెక్కలు తీసి నా నోటి దగ్గర పళ్లెం లాక్కోకు. ఆఫీసరు ఈ నెలలోనే వస్తుందట. గుర్తుంచుకో, సీసా లేదు.

ఆర్విడ్

•

రాంగెల్
ఏప్రిల్ 6

ఆర్విడ్,

వచ్చింది. హాలొవే అని, నలభై దాటని మనిషి. చిన్న విమానంలో వచ్చి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, నా షెడ్డులో బోర్లించిన చేపల తొట్టి మీద కూర్చుంది. అన్నమూ వేయించిన ఎండుచేపా పెట్టాను. తిన్నది. నీకు వాసనే పడదు.

ఏం మాట్లాడామో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆర్విడ్ లున్‌డీన్ గారు మీకు ఎంత కాలంగా తెలుసు?"

"నలభై ఏళ్లు అమ్మా."

"నమ్మదగిన మనిషేనా?"

"నమ్మొచ్చు. నిజం చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. నాకు బాగా తెలుసు, ఆయన చెప్పిన నిజం వల్లే నా బ్యాడ్జీ పోయింది."

ఆమె రాయడం ఆపింది. "అంటే?"

"1988లో మేము సాల్మన్ వేటకు వెళ్లాం. నేను ఒక గంజాయి చుట్ట తాగాను. తర్వాత మీలాంటి ఒకాయన వచ్చి అడిగితే ఆయన చెప్పాడు."

"ఆయనే చెప్పారని మీకెలా తెలుసు? మేము ఎవరి పేరూ బయటపెట్టం."

"పడవలో ఉన్నది ముగ్గురం అమ్మా. నేను, ఆయన, బిస్కెట్ అనే ఆయన కుక్క. కుక్క చెప్పలేదు."

నవ్వింది. నవ్వి, మళ్లీ మొహం బిగించుకుని అడిగింది. "ఆయన ఎప్పుడైనా మత్తు పదార్థాలు వాడడం మీరు చూశారా?"

చేప ముల్లు తీసి పక్కన పెట్టాను ఆర్విడ్. నువ్వేం రాశావో నా జేబులోనే ఉంది. "నన్నెందుకు, ఆయన్నే అడగండి" అన్నాను. "ఆయన పక్కవాడి గురించే నిజం చెప్పినవాడు, తన గురించి చెప్పడా?"

అంతే. నేను అబద్ధమాడలేదు, నీ సీసా చెప్పనూ లేదు.

బ్యాడ్జీ పోయిన రోజు నన్ను గేటు దాకా నడిపించారు, గుర్తుందా? ఇద్దరు గార్డులు అటూ ఇటూ, నా చేతిలో టిఫిన్ డబ్బా. షిఫ్టు మారే వేళ, మూడు వందల మంది చూస్తున్నారు. నువ్వు పనిముట్ల గది గుమ్మంలో నిలబడి బూటు లేసు కట్టుకుంటున్నావు. చాలాసేపు కట్టుకున్నావు.

ఇంకొకటి. కుక్క లెక్క నేను తర్వాత వేసుకున్నది. అసలు నాకు చెప్పింది ఇంగా. ఆ శీతాకాలమే ఉత్తరం రాసింది, "మా ఇంట్లోనే జరిగింది, నేను పక్క గదిలో విన్నాను, నా మొహం మీకు చూపించలేను" అని. ప్రతి క్రిస్మస్‌కూ మీ ఇంటికి నేను పంపే పొగబెట్టిన చేప ఉంది చూడు, పెట్టె మీద ఎప్పుడూ ఆమె పేరే రాసేవాణ్ణి. నువ్వు గమనించి ఉండవు. అది నీకు పంపింది కాదు.

రుఫినో

•

పోర్ట్ ఆర్చర్డ్
మే 3

రుఫినోకు,

నీ ఉత్తరం చదివి దాన్ని చెత్తబుట్టలో వేశాను. మళ్లీ తీశాను. మళ్లీ వేశాను. నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో రాస్తే పోస్టువాళ్లు తీసుకోరు. ఉరి తాడు పట్టులా మెత్తగా పేనావు కదా రా. "ఆయన్నే అడగండి" అట.

ముప్ఫై ఏళ్లు ఇంగా నాకు ఆ చేప వడ్డించింది. ఒక్క మాట అనలేదు. నేను "పినో మరిచిపోయాడు, మంచివాడు" అంటూ తినేవాణ్ణి. ఆవిడ వింటూ ఉండేది.

హాలొవే ఏప్రిల్ చివర్లో మా ఇంటికి వచ్చింది. వంటింట్లో కూర్చుంది, నా ఫారం ముందు పెట్టుకుంది.

"ఎవరేం చెప్పారో నేను మీకు చెప్పకూడదు సార్" అంది.

"అక్కర్లేదు. వాడే రాశాడు."

ఆమె ఫారం తిప్పింది. ఒక్కొక్క ప్రశ్నా చదువుతూ వచ్చింది. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది. లైబ్రరీ ఆవిడలా కాదు, మెల్లగా చదివింది. "గత ఏడేళ్లలో." నేను కిటికీ వైపు చూశాను. సీసా ఎప్పుడో పారేశాను. అది ఉన్నచోట రంగు మీద గుండ్రంగా మచ్చ పడింది. దాన్ని తుడవాలని నాకు తట్టనే లేదు. యార్డులో అయితే మచ్చ కూడా వదిలేవాణ్ణి కాదు.

"ఇక్కడ లేదు అని ఉంది. అలాగే ఉంచమంటారా?" అంది.

ఉంచమంటే ఉంచేది. ఆమెకు సీసా సంగతి తెలియదని నీ ఉత్తరంలోనే రాశావు. తెలుసా, ఆ క్షణంలో నేను లోపలికి వెళ్లిపోయినట్టే. మెడలో బ్యాడ్జీ, మొహం మీద హెల్మెట్, పక్కన ఆ కోడి గోకుడు అమ్మాయి.

"వాడాను" అన్నాను. "పద్నాలుగు నెలలు. ఎలుగుబంటి మిఠాయి."

"మరి లేదు అని ఎందుకు పెట్టారు?"

"లైబ్రరీలో మా చర్చివాళ్లు ఉన్నారు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, రాసుకుంది. అదే ఎక్కువ సిగ్గనిపించింది. సీసా సంగతి చెప్పొద్దని నీకు రాసిన మాట కూడా చెప్పాను. అదీ రాసుకుంది.

అక్కడితో ఆగొచ్చు. ఆమె పెన్ను మూసి, "ఇంత నేరుగా ఒప్పుకునేవాళ్లు తక్కువ సార్. మీ గురించి నేను విన్నది సరిపోయింది" అంది. విన్నదంటే నువ్వు చెప్పిందే కదా. నేను నిజం మనిషినని. నా ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది రా. "కూర్చో అమ్మా, ఇంకా ఉంది" అన్నాను.

ఇక్కడ నీకు రాయాల్సింది రాస్తున్నాను, ఆమెకు చెప్పిన మాటల్లోనే.

1988లో మన వర్క్‌షాపులో మేస్త్రీ పోస్టు ఖాళీ అయింది. ఇద్దరి పేర్లు వెళ్లాయి, నీదీ నాదీ. అద్దం పని నాకు నేర్పింది నువ్వు. అతుకులో నువ్వు నాకంటే మేలు, అది యార్డంతా ఎరిగినదే. ఆ విచారణవాడు మా ఇంటికి వచ్చి, "రుఫినో అబ్రెనికా గురించి మాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?" అన్నాడు. గంజాయి అని కూడా అడగలేదు. అడగని దానికి నేనే చెప్పాను. చెప్పింది నిజమే. నిజం కోసం చెప్పలేదు. రెండు వారాలకు మేస్త్రీనయ్యాను, ముప్ఫై ఏళ్లు మేస్త్రీగా ఉన్నాను. నీతి గురించి కుర్రాళ్లకు ఉపన్యాసాలు ఇచ్చాను. ఎవడైనా పొగ వాసనతో వస్తే ఛీ అనేవాణ్ణి, మొహం మీదే.

బూటు లేసు ముడి పడలేదు ఆ రోజు. అది కూడా నీకు తెలియాలి.

ఈ ఉత్తరంతో చిన్న పెట్టె పంపుతున్నాను. నీ అద్దం. నువ్వు వెళ్లిన రోజు నీ పనిముట్ల పెట్టెలోంచి తీసుకున్నాను, ఎవరూ అడగలేదు. వెనక నీ పేరు గీకి ఉంది, దాని మీద టేపు చుట్టి వాడుకున్నాను. మొన్న షెడ్డులో పరీక్షకు పట్టుకున్నదీ అదే. టేపు ఊడదీశాను.

క్షమించమని రాయడం లేదు. అడిగే మొహం లేదు.

ఆర్విడ్

•

రాంగెల్
మే 24

ఆర్విడ్,

అద్దం అందింది. అంచు పగలగొట్టావు. పనిముట్టును ఇలాగేనా చూసుకునేది?

మేస్త్రీ పదవికి నా పేరు కూడా వెళ్లిన సంగతి నాకు తెలియదు. ఇంగాకూ తెలియదు, తెలిస్తే రాసేది. రెండు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు. షెడ్డులో అందరూ నాకు దూరంగా తిరిగారు. ఇన్నేళ్లూ నువ్వు మరీ నిజాయితీ ముదిరిన మూర్ఖుడివి అనుకున్నాను, అలా అనుకుంటేనే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అదీ తీసేశావు.

నా వేళ్లు వంగవు కదా, అద్దం పట్టుకోవడానికి ఎడమ చెయ్యి పనికొచ్చింది. పట్టుకుని నా చెవి వెనక చూసుకున్నాను. ముసలివాడినైపోయాను.

యార్డు ఏమందో రాయి.

రుఫినో

•

పోర్ట్ ఆర్చర్డ్
సెప్టెంబర్ 12

రుఫినోకు,

కాగితం వచ్చింది. క్లియరెన్స్ ఇవ్వలేదు. మా అమ్మాయి చదివి వినిపించింది. మిఠాయి మానేసి చాలా కాలమైంది కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదట. తెలిసి తెలిసి ఫారంలో అబద్ధం రాయించినందుకు, సాక్షిని నోరు మూసుకోమన్నందుకే ఇవ్వలేదట. ఇంకోసారి మొర పెట్టుకోవచ్చట, ఏడాది తర్వాత మళ్లీ రాసుకోవచ్చట. ఏడాదికి నా చేతులు ఎలా ఉంటాయో నీకు నేను చెప్పాలా? పెట్టుకోను. ఒక్క మాట "అవును" అని ఉంటే లోపల ఉండేవాణ్ణి. లైబ్రరీలో ఇద్దరు ఆడవాళ్లు పేపరు మీంచి చూశారని ముప్ఫై నాలుగేళ్ల పనిని పారేసుకున్నాను. వాళ్లలో ఒకావిడ మొన్న ఆ ఆకుపచ్చ కొట్టులోంచి సంచితో బయటికి వస్తూ నాకు ఎదురైంది. "నడుం నొప్పి" అంది. పక్కకు జరిగి దారిచ్చాను. అనడానికి నాకేం మిగిలింది.

గేటు బయటి షెడ్డుకు క్లియరెన్స్ అక్కర్లేదట. వారానికి రెండు రోజులు రమ్మన్నారు. అక్కడ వేసేది ఉత్త పైపు ముక్కలు, అతుకు వేసి కోసి పారేస్తారు. నాకు నచ్చలేదు. వెళ్తున్నాను. ఆ అమ్మాయి అతుకు ఇప్పుడు కోడి గోకినట్టు లేదు, బాతు నడిచినట్టుంది. ఈ అద్దం పని ఎవరు నేర్పారని అడిగింది. నీ పేరు చెప్పాను, పూర్తిగా, ఇరవై మంది వినేలా. ఎందుకు మానేశాడని అడిగారు. అదీ చెప్పాను. మేస్త్రీ నా వైపు అదోలా చూశాడు. చూడనీ.

నిన్న పోస్టులో పెట్టె వచ్చింది. క్రిస్మస్ కాదు కదా, ఎవరిదా అనుకున్నాను. పైన నీ వంకర రాత. నా పేరే ఉంది, ఒక్క నా పేరే. రెండు సార్లు చదువుకున్నాను.

చేపలో ఉప్పు ఎక్కువ వేశావు. అంతా తిన్నాను.

ఆర్విడ్